మీ ఇంట్లో భోజనం

దొమితిలా రొట్టెలు అమ్మడానికి పెనం పెట్టుకునే వీధి మూలకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది హైకే ఇల్లు. ఆకుపచ్చ తలుపు, రెండు కిటికీలు. పొద్దున్నే ఆ కిటికీలు బార్లా తెరుచుకునేవి. ఒక దుప్పటీ, రెండు దిండ్లూ కిటికీ గట్టు మీదికి వచ్చి ఎండలో పడేవి. మొదట్లో సాన్ హసింతో జనం ఆ ఇంట్లో ఎవరో పక్క తడుపుతున్నారనుకున్నారు. ఒంటరి మనిషి, పిల్లలు లేరు, మరి తడిపేదెవరని బజారులో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. తర్వాత అలవాటైపోయి ఆ సంగతి మర్చిపోయారు.

ఊరి దగ్గరి అగ్నిపర్వతం బూడిద చిమ్మిన రోజున ఊరంతా చీపుళ్ళు పట్టుకుని వీధిలోకి వచ్చేది. హైకే కూడా వచ్చేది. తన గుమ్మం ముందంతా శుభ్రంగా ఊడ్చి, పక్కింటి గోడ మొదలయ్యే చోట ఆపేది. దొమితిలా అత్తగారు ఫిదెన్సియా పెనం పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తూ అది చూసి, "ఆవిడ చీపురుకి కూడా సరిహద్దు ఉందే పిల్లా" అనేది.

హైకే పుట్టింది జర్మనీలో, డాన్యూబ్ నది ఒడ్డున ఒక పల్లెలో. భర్తకు మెక్సికోలోని ప్వెబ్లా నగరంలో కార్ల ఫ్యాక్టరీలో పని దొరికితే ఆయన వెంట వచ్చింది. ఆయన ఒప్పందం ముగిసి తిరిగి వెళ్ళిపోయాడు. వానలు తగ్గాక వస్తానని ఈవిడ ఆగింది. వానలు తగ్గాయి. ఈవిడ నగరంలోని ఇల్లు ఖాళీ చేసి దగ్గరలోని సాన్ హసింతోకు వచ్చి, ఫ్యాక్టరీలో చేరాలనుకునే కుర్రకారుకు సాయంత్రాలు జర్మన్ నేర్పడం మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. భర్త సంగతి ఎవరైనా అడిగితే దాచేది కాదు. "ఆయన క్షేమంగా ఉన్నారు. క్రిస్మస్‌కు ఫోనులో మాట్లాడుకుంటాము" అని చెప్పేది, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఎందుకు ఉండిపోయారని దొమితిలా ఒకసారి అడిగింది. హైకే బాగా ఆలోచించి జవాబిచ్చింది.

"ఇక్కడ బస్సు ఎక్కిన మనిషి బస్సులో ఉన్న అందరికీ శుభోదయం చెబుతాడు. మా వైపు అలా చెబితే డ్రైవరు బస్సు ఆపి డాక్టరును పిలుస్తాడు."

ఆవిడ స్పానిష్ అలాగే ఉండేది, ఒక్కో మాటా ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు. అందరినీ మీరు అనేది. ఊరు కూడా ఆవిడను మర్యాదగా డోన్యా హైకే అనేది. బజారు కుక్క గుమ్మంలోకి వస్తే, "క్షమించండి, మీరు లోపలికి రాకూడదు" అని దానికి కూడా మర్యాదగా చెప్పేది.

దొమితిలాకు అందులో నవ్వొచ్చేది కాదు. ఆమె ఆరో తరగతితో బడి మానేసింది. తల్లి జబ్బు పడితే పిండి మర దగ్గర ఆ స్థానంలో నిలబడాల్సి వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆమెకు మాట నెమ్మది. నోరు తెరిచి రెండు మాటలు అనేలోపే ఎదుటివాళ్ళు మిగతావి పూర్తి చేసేసేవాళ్ళు. అత్తగారు చేసేది, భర్త ఫెలిసియానో చేసేవాడు, రొట్టెలు కొనడానికొచ్చినవాళ్ళు కూడా చేసేవాళ్ళు. చాలాసార్లు తను చెప్పాలనుకున్నది అది కాదు. అయినా సరేనని ఊరుకునేది. హైకే ఒక్కతే ఆమె చెప్పడం అయ్యేదాకా నోరు విప్పేది కాదు. భాష చాలక ఆగుతుందో, మర్యాదకు ఆగుతుందో దొమితిలాకు తెలియదు. ఆగడం మాత్రం తెలుసు.

పాప పుట్టిన రోజు ఉదయం ఫెలిసియానో ఇటుకల లారీతో ఊళ్ళో లేడు. పెనం దగ్గరే నొప్పులు మొదలయ్యాయి. హైకే తన చిన్న కారు తీసింది. దారిలో మనిషి లేడు, బండి లేదు. అయినా మలుపు దగ్గర ఎర్ర దీపం వెలిగేసరికి కారు ఆపింది.

"పోనీయమ్మా, పోనీ!" వెనక సీట్లో ఫిదెన్సియా అరిచింది. "ఎవరున్నారక్కడ చూడ్డానికి?"

"దీపం ఉంది" అంది హైకే.

"బిడ్డ నీ కారులో పుట్టుద్ది!"

"అప్పుడు కారు తుడుస్తాను. దీపాన్ని దాటను."

పాప ఆసుపత్రిలోనే పుట్టింది. హైకే సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, తిరిగి వాళ్ళందరినీ కొండ మీది ఇంటి దగ్గర దింపి వెళ్ళింది. ఆ ఎర్ర దీపం కథ ఫిదెన్సియా ఊరంతా చెప్పి నవ్వించింది. దొమితిలా మాత్రం ఆ దారంతా తన చెయ్యి ఎవరు పట్టుకున్నారో గుర్తు పెట్టుకుంది. గేరు మార్చాల్సినప్పుడు వదిలి, మార్చి, మళ్ళీ పట్టుకున్న చెయ్యి అది.

చర్చిలో పాప జ్ఞానస్నానం దగ్గర పడేసరికి, బిడ్డ తరఫున దేవుడి ముందు నిలబడే జ్ఞానతల్లి ఎవరన్న మాట వచ్చింది. సాన్ హసింతోలో అది చిన్న మాట కాదు. జ్ఞానతల్లి అయిన మనిషి చచ్చేదాకా ఆ ఇంటి మనిషే. పెళ్ళికీ చావుకీ ముందు వరసలో నిలబడుతుంది. బిడ్డ తల్లీ ఆవిడా ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, కొమాద్రే అనుకుంటారు. సొంత అక్కచెల్లెళ్ళ మీద అలిగినంత తేలిగ్గా కొమాద్రే మీద అలగడానికి ఉండదు.

"ఓల్గా ఉందిగా" అంది ఫిదెన్సియా. ఓల్గా ఆమె పినతల్లి కూతురు, ఇనుప సామాన్ల కొట్టు ఆవిడ. "ఇంకా ఆలోచనేంటి?"

"డోన్యా హైకేని..." అని దొమితిలా మొదలుపెట్టింది.

"చర్చి పూజకి పిలుద్దామంటావు. పిలుద్దాం."

"కాదత్తయ్యా. జ్ఞానతల్లిగా."

ఫిదెన్సియా చేతిలో గరిటె ఆగిపోయింది.

"మతిపోయిందే నీకు? మంచిమనిషే, కాదనను. కానీ తలుపేసుకుని తినే మనుషులే వాళ్ళు. మనమా, దండుగా బతికేవాళ్ళం. రేపొద్దున మన మంద ఆవిడ గుమ్మంలోకి వెళ్తే, క్షమించండి, మీరు లోపలికి రాకూడదు అంటుంది, ఆ కుక్కతో అన్నట్టు!"

ఫెలిసియానో పకాలున నవ్వాడు. దొమితిలా నవ్వలేదు, తల వంచుకుని ఊరుకోనూ లేదు. "అడిగి చూద్దాం" అంది. కోడలు రెండోసారి ఒకే మాట మీద నిలబడటం ఫిదెన్సియా అంతకుముందు చూడలేదు.

"సరే. ముందు భోజనానికి పిలుద్దాం. మన మధ్య కూర్చుని మన తిండి ఎలా తింటుందో చూస్తా. బాగుంటే అక్కడే అడుగుదాం. వచ్చే వారం శనివారానికి చర్చిలో పేరు చెప్పాలి. ఆవిడ కాకపోతే ఓల్గా. ఇక మాట్లాడకు."

మర్నాడు పెనం దగ్గరికి హైకే ఎప్పటిలా చిక్కుడు పప్పు కూరిన రొట్టెలు కొనడానికొచ్చింది. ఫిదెన్సియా శాలువా సర్దుకుని లేచి నిలబడి, పెద్దమనిషి తరహాలో చెప్పింది.

"ఆదివారం రెండింటికి భోజనం, డోన్యా హైకే. మీ ఇంట్లో. మావాళ్ళందరం ఉంటాం."

హైకే తల కాస్త పక్కకు వంచింది. "మా ఇంట్లోనా?"

"అవునండీ, మీ ఇంట్లోనే. మరెక్కడ?"

"అందరూ అంటే ఎంతమంది?"

"పిల్లాజెల్లా కలిపి పద్నాలుగో పదిహేనో. ఇంకో ఇద్దరు తగిలినా తగుల్తారు."

హైకే తన ఆకుపచ్చ తలుపు వైపు ఒకసారి చూసింది. రొట్టెల పొట్లం ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుంది. "చాలా మంచిది. నాకు సంతోషం" అంది.

ఆవిడ వీధి దాటగానే ఫిదెన్సియా కోడలి వైపు తిరిగింది. "ఎంతమంది అని అడిగింది, విన్నావా? కంచం ముందు కూర్చోకముందే లెక్క!"

ఆదివారం కోసం టర్కీ కోడిని కోశారు. దొమితిలా శనివారమంతా ఎండుమిరపకాయలు వేయించి, నువ్వులతో, బాదంతో, చాక్లెట్‌తో కలిపి రుబ్బురాయి మీద నూరి, నల్లటి మోలే వండింది. తమ పెరట్లో బల్లలు కలిపి, మీద పూల గుడ్డ పరిచారు. ఫిదెన్సియా గోడకు సున్నం కూడా కొట్టించింది. రెండు దాటింది. రెండింటికి ఎవరూ రారు కనుక ఎవరూ పట్టించుకోలేదు. మూడైంది. అప్పటికి మేనమామలూ అత్తలూ అందరూ దిగారు. నాలుగైంది.

"ఫోన్ చెయ్యరాదూ?" అన్నాడు ఫెలిసియానో.

"బతిమాలి పెట్టే తిండి కాదు ఇది" అంది ఫిదెన్సియా. "ఇల్లు తెలియదా? ఆవిడే కదా దింపింది? రాదల్చుకోలేదు. అంతే."

ఐదు అవుతుండగా తిన్నారు. మోలే బాగా కుదిరిందని అందరూ అన్నారు. వచ్చినవాళ్ళలో ఓల్గా కూడా ఉంది. పాపను ఎత్తుకుని, "మా కొట్లో ఇంతకంటే బరువైన సుత్తులున్నాయే" అని నవ్వించింది. ఫిదెన్సియా కోడలి వైపు ఒక చూపు చూసి, పాప శాలువా ఓల్గా చేతికే ఇచ్చింది. తిట్టినా దొమితిలాకు అంత కష్టమయ్యేది కాదు.

సోమవారం హైకే రొట్టెలకు రాలేదు. కిటికీలు తెరుచుకున్నాయి, దిండ్లు బయటికి వచ్చాయి. ఆవిడ మాత్రం తల ఎత్తి ఇటు చూడలేదు. దొమితిలా శుభోదయం చెబుదామని నోరు తెరిచేలోపు కిటికీ దగ్గరినుంచి వెళ్ళిపోయింది. తప్పు చేసినవాళ్ళు మొహం చాటేస్తారు. కానీ ఈవిడ మొహంలో తప్పు చేసిన లక్షణం లేదు. దెబ్బ తిన్న లక్షణం ఉంది. దొమితిలాకు అది అర్థం కాలేదు. రాని మనిషికి దెబ్బేమిటి?

పదకొండు ప్రాంతంలో అద్దె కుర్చీల ట్రక్కు వచ్చి ఆకుపచ్చ తలుపు ముందు ఆగింది. సిరీలో అనే డ్రైవరు లోపలినుంచి మడత కుర్చీలు మోసుకొచ్చి ట్రక్కులో పడేయసాగాడు. ఎన్నో ఉన్నాయి. పని అయ్యాక చెమట తుడుచుకుంటూ పెనం దగ్గరికొచ్చాడు.

"పచ్చిమిరప పచ్చడి గట్టిగా వెయ్యి తల్లీ. పొద్దున్నే చల్లటి బంగాళాదుంపలు తిని నోరు చప్పబడింది."

"చల్లటి దుంపలా?"

"ఆ జర్మనావిడ పెట్టింది. బకెట్టంత గిన్నె నిండా ఉన్నాయి. మాంసం ఉండలు, రేగిపళ్ళ కేకు, ఎంత వండిందో! ఉల్లిపాయ వాసన గుమ్మం దాకా. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు." వాడు గొంతు తగ్గించాడు. "అయినా అదేం పనమ్మా మీది? మీ అత్త వెళ్ళి ఊరందరం మీ ఇంటికి తిండికొస్తున్నాం అని చెప్పి, ఆ పిచ్చిదాన్ని రెండు రోజులు వండించి, ఒక్కరూ పోకపోతే ఎలా?"

దొమితిలా చేతిలో పిండి ముద్ద పెనం మీద పడి అక్కడే మాడసాగింది.

మీ ఇంట్లో. పుట్టినప్పటినుంచీ ఆ మాట వింటోంది. ఊళ్ళో ఎవరూ నా ఇల్లు అనరు. ఎదుటి మనిషి ముందు నాది నాది అనడం తలబిరుసు. ఎక్కడుంటారంటే, వంతెన అవతల, మీ ఇంట్లో అంటారు. పాలు విరిగాయి మీ ఇంట్లో అంటారు. మా అమ్మ మీ ఇంట్లోనే ఉంది అంటారు. అదొక మాటని కూడా ఎవరికీ అనిపించదు. ఇప్పుడు మొదటిసారి దొమితిలా దాన్ని బయటినుంచి, వీధికి అవతలి నుంచి, విన్నది. ఆదివారం రెండింటికి భోజనం, మీ ఇంట్లో, పదిహేను మందిమి వస్తాం.

"మాడుతోంది తల్లీ" అన్నాడు సిరీలో.

అప్పుడే వీధి దాటి చెప్పేయాలనుకుంది. రెండు అడుగులు వేసింది కూడా. కానీ పిలిచింది అత్తగారు. ఆవిడను కాదని వెళ్ళి తను సర్దితే ఇంట్లో ఇంకో గొడవ. పెనం ముందుగానే దింపేసి ఇంటికి నడిచింది.

ఫిదెన్సియా కోళ్ళకు గింజలు వేస్తోంది. దొమితిలా చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఫిదెన్సియా అందుకుంది.

"నీతో క్షమాపణ చెప్పి పంపిందా? బాగుంది!"

"కాదు. అత్తయ్యా, నన్ను చివరిదాకా చెప్పనివ్వండి."

ఫిదెన్సియా నోరు మూసింది. దొమితిలా చివరిదాకా చెప్పింది. కుర్చీలు, దుంపలు, కేకు, సిరీలో అన్న మాట.

"మరి ఏమనాలట?" ఫిదెన్సియా మండిపడింది. "నా ఇంటికి రండి అనాలా? నేనేమన్నా జమీందారునా, నా ఇల్లు నా ఇల్లు అని డప్పు కొట్టుకోడానికి? మర్యాదగా పిలిచాను! ఆవిడకి స్పానిష్ రాకపోతే నాదా తప్పు? అంటే ఏంటి, పదిహేను మందిమి ఆవిడ ఇంటి మీద పడి తింటామని నా అంతట నేను చెప్పాననుకుందా? ఇద్దరు తగిలినా తగుల్తారని కూడా అన్నానే! ఎంత సిగ్గు! అలా అనుకుని సరే అందా?"

గింజల చేట చేతిలో అలాగే ఉంది. కోళ్ళు కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి.

"సరే అందా?" మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా.

"చాలా మంచిది, సంతోషం అంది" అంది దొమితిలా.

ఫిదెన్సియా చేట కింద పెట్టి తొట్టి గట్టు మీద కూర్చుంది. "ఓల్గాకి ఇలా చెప్పి ఉంటే ఏమనేది? మన ముగ్గుర్ని పిలిస్తేనే మూడు రోజులు నడుం నొప్పి అంటుంది." చేతికంటిన గింజలు దులుపుకుంది. "కుర్చీలు కూడా తెప్పించిందా? మనకోసం?"

బుధవారం సాయంత్రం ముగ్గురూ కొండ దిగారు. ఫిదెన్సియా చేతిలో కొత్త బుట్ట, అందులో తీపి రొట్టెలు, చాక్లెట్ బిళ్ళలు, పళ్ళు, మీద కుట్టు పని చేసిన గుడ్డ. జ్ఞానతల్లిని అడగడానికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే బుట్ట అది. ఊళ్ళో ఎవరు చూసినా ఎందుకో అడగరు, ఎవరింటికో మాత్రం చూస్తారు. పాప ఫెలిసియానో భుజం మీద నిద్రపోతోంది.

హైకే తలుపు తీసి నలుగుర్నీ చూసింది. మొహం బిగిసే ఉంది. అయినా పక్కకు జరిగి లోపలికి రమ్మంది. పాఠాలు చెప్పే బల్ల చుట్టూ కూర్చున్నారు.

ఆనవాయితీ ప్రకారం పెద్దవాళ్ళు మాట్లాడాలి. ఫిదెన్సియా గొంతు సవరించుకుని, మళ్ళీ మానేసి, కోడలి మోచెయ్యి పొడిచింది. "నువ్వే చెప్పు. పోయినసారి నేను చెప్పి ఉద్ధరించాను."

దొమితిలా మొదలుపెట్టింది. "ఆదివారం... మీ ఇల్లు అంటే..."

"మా ఇల్లన్నమాట! మేము..." అని ఫెలిసియానో అందుకున్నాడు.

హైకే చెయ్యి ఎత్తింది. "దయచేసి ఆమెను పూర్తి చేయనివ్వండి."

దొమితిలా పూర్తి చేసింది. చాలాసేపు పట్టింది. పెరట్లో పరిచిన బల్లలు, నూరిన మోలే, ఐదు దాకా చూసిన దారి, అన్నీ చెప్పింది. హైకే కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి.

"ఒక నిమిషం" అంది. "పోయిన సంవత్సరం పోస్టాఫీసు పెద్దాయన, గాడిద మీ ఇంట్లో ఈనింది అన్నారు."

"వాళ్ళింట్లో" అంది దొమితిలా.

"నేను ఉత్తరం వేయకుండా ఇంటికి వచ్చి చూశాను. పెరడు కూడా చూశాను."

ముందు ఫిదెన్సియాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని శాలువా కొస నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఫెలిసియానో నవ్వుకు పాప లేచి ఏడుపందుకుంది. హైకే తను కూడా నవ్వుతోంది, కళ్ళు మాత్రం తుడుచుకుంటోంది. "మీరు నన్ను ఆట పట్టించారనుకున్నాను. తిరిగి వెళ్ళిపోవడం మంచిదేమో అని కూడా ఆలోచించాను" అంది.

అప్పుడు దొమితిలా బుట్ట మీద గుడ్డ తీసి బల్ల మీద ముందుకు జరిపింది. "పాపకు మీరు జ్ఞానతల్లిగా ఉండాలి. నాకు కొమాద్రేగా. అది అడగడానికే ఆదివారం పిలిచాం."

హైకే వెంటనే అవుననలేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని బుట్టను చూస్తూ కూర్చుంది. ఫిదెన్సియా కుర్చీలో అటూ ఇటూ కదిలింది, ఏదో అనబోయి కోడలి మొహం చూసి మానేసింది.

"విధులు ఏమిటి?" అని అడిగింది చివరికి హైకే.

"దేవుడి ముందు మాటివ్వాలి. తల్లీతండ్రీ లేనప్పుడు చూసుకోవాలి" అంది ఫిదెన్సియా. "దారి తప్పితే తిట్టాలి. నాలుగు తగిలించినా మేమేం అనుకోం."

"కొట్టడం నేను చేయను. తిట్టడం నేర్చుకుంటాను." బుట్ట మీంచి తీసిన గుడ్డను మడత పెట్టింది. "మేము పల్లెలో చర్చి పూజకు వెళ్ళేవాళ్ళం. ఇక్కడ కూడా వెళ్తున్నాను. అందుకు అభ్యంతరం ఉండదు. నాకు యాభై ఏడు. ఈమె పెళ్ళి నాటికి నేను ముసలిదాన్ని అవుతాను."

"మేము మాత్రం పడుచువాళ్ళం అవుతామా ఏంటి?" అంది ఫిదెన్సియా.

"అయితే సరే" అంది హైకే. "అవును. ఉంటాను."

ఫిదెన్సియా లేచి ఆవిడను కావలించుకుంది. హైకేకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, తర్వాత తెలిసింది. చాక్లెట్ కాచారు. తీపి రొట్టెలు ముంచుకుని తిన్నారు. లేచేటప్పుడు హైకే అడిగింది, "శనివారం చర్చి ఆఫీసుకు ఎన్ని గంటలకు?"

"పదింటికి" అన్నాడు ఫెలిసియానో.

"నేను పదింటికి అక్కడ ఉంటాను."

"పదింటికంటే పదింటికి కాదండీ. తాళం తీసేవాడే పదిన్నరకు వస్తాడు. ఒక్కోసారి పదకొండు."

"మరి పది అని ఎందుకు చెబుతారు?"

ఫెలిసియానో నవ్వి, పాపను మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

శనివారం పొద్దున ఇంట్లో ఇంకా ఎవరూ స్నానాలు చేయలేదు. దొమితిలా పాపకు తెల్ల టోపీ పెట్టి, శాలువాలో చుట్టి వీపుకు కట్టుకుంది.

"ఇప్పుడే ఎక్కడికే?" అంది ఫిదెన్సియా దువ్వెన పళ్ళ మధ్య పట్టుకుని. "తలుపులు నాకుతావా వెళ్ళి?"

"కొమాద్రే ఒక్కతే నిలబడి ఉంటుంది" అంది దొమితిలా, గేటు వేసి కొండ దిగింది.

ఆమె వెళ్ళేసరికి చర్చి ఆఫీసు తలుపుకు తాళం వేసి ఉంది. దాని ముందు హైకే ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని నిలబడి ఉంది. దొమితిలా వెళ్ళి పక్కన నిలబడింది. తాళం తీసే మనిషి వచ్చేదాకా ఇద్దరూ పాపను మార్చి మార్చి ఎత్తుకున్నారు.